పని ఏది, అలవాటు ఏది?

మామయ్య 26 ఏళ్ళుగా మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్‌లో ఉన్నారు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక సంస్థకు పార్ట్‌నర్. మేనకోడలిది అదే వృత్తి, వేరే సంస్థ. చేరి ఐదేళ్ళయింది. రెండేళ్ళ కిందట ఆమెకు మల్టిపుల్ స్క్లిరోసిస్ ఉందని ఎమ్మారైలో తేలింది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే నరాల మీది పొరను దెబ్బతీసే జబ్బు అది. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ళ మధ్య బయటపడుతుంది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఎక్కువ. అలసట, తిమ్మిరి, చూపు మసకబారడం వచ్చి పోతుంటాయి. పక్కన కూర్చున్నవాళ్ళకు ఏమీ తెలియదు.

మే నెలలో ఒక ఆదివారం సాయంత్రం, కూకట్‌పల్లిలో ఒక ఇంటి హాల్లో, కూలర్ ముందు ఈ మాటలు నడిచాయి. ఆమె తన ఆఫీసుకు పంపబోతున్న ఉత్తరం మామయ్య చేతికిచ్చింది. అందులో నాలుగు కోరికలున్నాయి. ఎండాకాలం ఫ్యాక్టరీ సందర్శనలు ఉదయం 6 నుంచి 9 లోపు పెట్టాలి. వారానికి నాలుగు రోజుల ప్రయాణం రెండు రోజులు కావాలి. రాత్రి 10 తర్వాత కాల్స్ ఉండకూడదు. ఆరు నెలలకోసారి ఆస్పత్రిలో మందు ఎక్కించుకునే రోజూ, ఆ మర్నాడూ పని పెట్టకూడదు.

మామయ్య: ఉత్తరం పద్ధతిగా ఉందమ్మా. కానీ పంపకు.

మేనకోడలు: ఎందుకు మామయ్యా?

మామయ్య: పంపిన రోజు నుంచి నీ పని వెనక్కి పోతుంది, నీ జబ్బు ముందుకొస్తుంది. నిన్నెవరూ ఏమీ అనరు. కొత్త ప్రాజెక్టుకు మనుషుల్ని వేసేటప్పుడు నీ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి, ‘పాపం, ఆ అమ్మాయిని ఎందుకు కష్టపెట్టడం’ అని పక్క పేరుకు వెళ్ళిపోతారు. మన దగ్గర పైకైనా ఎక్కాలి, బయటికైనా నడవాలి. రెండు పెద్ద ప్రాజెక్టులు చేజారితే ఆ ఏడు ప్రమోషన్ మాట మరిచిపోవడమే. నిన్ను ఎత్తుకుని పెంచినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను.

మేనకోడలు: అది తెలుసు కాబట్టే రెండేళ్ళు దాచాను. దాస్తే ఏమైందో మీకింకా చెప్పలేదు. పోయిన ఏడాది ఇదే నెల, నల్లగొండ జిల్లాలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ. మధ్యాహ్నం రెండింటికి, ముడిసరుకును కాల్చే కిల్ను అనే తిరిగే కొలిమి పక్కన నడుస్తున్నాం. కిల్ను లోపల దాదాపు 1450 డిగ్రీలు, బయట మే ఎండ. ప్లాంటు మేనేజరు రీడింగులు చెప్తుంటే రాసుకుంటున్నాను. ముందు నోట్‌బుక్కులో గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తలెత్తితే కుడికంట్లో ఆయన ముఖం నీళ్ళలోంచి చూసినట్టు కదిలింది. కుడికాలు నాది కానట్టు బరువెక్కింది. ‘ఫోనొచ్చింది సార్’ అని అబద్ధం చెప్పి, రెయిలింగు పట్టుకుని కంట్రోల్ రూము దాకా వెళ్ళాను. ఏసీలో అరగంట కూర్చుంటే చూపు తిరిగొచ్చింది. ఒంట్లో వేడి పెరిగితే, పొర దెబ్బతిన్న చోట నరం సంకేతాన్ని సరిగా మోయలేదు. చల్లబడితే మోస్తుంది. డాక్టరు ముందే చెప్పారు. ఆ రెయిలింగు అందకపోయి ఉంటే?

మామయ్య: అక్కకు తెలుసా?

మేనకోడలు: తెలీదు. మీరు చెప్పకండి.

మామయ్య: మరి నువ్వు చెప్పేది నా మాటకే బలమిస్తోంది కదమ్మా. ఈ పని నీ ఒంటికి పడదు. రీసెర్చ్ విభాగం ఉంది, శిక్షణ విభాగం ఉంది. గౌరవంగానే ఉంటాయి.

మేనకోడలు: పని నా ఒంటికి పడుతుంది మామయ్యా. మధ్యాహ్నం రెండింటి ఎండ పడదు. ఆ కిల్ను రాత్రీ పగలూ తిరిగేదే, పొద్దున ఆరింటికి కూడా తిరుగుతూనే ఉంటుంది. మేం రెండింటికి ఎందుకు వెళ్ళాం? హైదరాబాద్‌లో బయల్దేరి, దారిలో టిఫిను చేసి, పరిచయాలయ్యి, వాళ్ళు పెట్టిన భోజనం చేసేసరికి రెండయింది. అది పనా, అలవాటా? ఇంకో సంగతి వినండి. కంట్రోల్ రూములో కూర్చున్న ఆ అరగంటలో ఊరికే ఉండలేక లాగ్ తిరగేశాను. కిల్ను ఆగిన వేళలు ఎక్కువగా షిఫ్టు మారే గంట చుట్టూనే ఉన్నాయి. ఆగి, చల్లబడి, మళ్ళీ వేడెక్కిన ప్రతిసారీ లోపలి ఇటుకల లైనింగు దెబ్బతింటుంది. మా రిపోర్టు మొత్తంలో క్లయింటు గుర్తుపెట్టుకున్నది ఆ ఒక్క పేజీ.

మామయ్య: నీ తెలివి మీద నాకెప్పుడూ సందేహం లేదు. క్లయింటు సంగతి చెప్పు. అతను రోజులెక్కన ఫీజు కడతాడు. రిపోర్టు ఒక్కటే అతనికి చాలదు. కష్టంలో పక్కన నిలబడే మనిషి కావాలి. రాత్రి పదకొండుకు ఎండీ ఫోన్ చేస్తే ఎత్తాలి. సోమవారం తెల్లవారుజామున శంషాబాద్‌లో విమానమెక్కి గురువారం రాత్రి దిగడం నాకూ సరదా కాదు. నమ్మకం అలాగే పుడుతుంది. మన వృత్తికి పెట్టుబడి ఆ నమ్మకమే.

మేనకోడలు: 2020 మార్చిలో విమానాలు ఆగిపోయాయి. మీ సంస్థ మూసేశారా?

మామయ్య: లేదు.

మేనకోడలు: క్లయింట్లు వెళ్ళిపోయారా?

మామయ్య: కొందరు ప్రాజెక్టులు ఆపుకున్నారు. చాలామంది ఉన్నారు.

మేనకోడలు: అంతకు ముందు చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళూ, ప్రయాణం పడనివాళ్ళూ ‘కొంత పని ఇంటి నుంచి చేస్తాం’ అంటే ‘మన వృత్తిలో కుదరదు’ అన్నారు. ఒంట్లో బాగున్నవాళ్ళకు అవసరం పడేసరికి కొన్ని వారాల్లోనే కుదిరిపోయింది. ఆ కుదరదన్న మాట వల్ల ఎంతమంది ఈ గుమ్మం తొక్కకుండానే వెనక్కి తిరిగారో ఎవరు లెక్కపెట్టారు?

మామయ్య: కుదిరింది, కానీ అరకొరగా. ఆ రెండేళ్ళలో చేరిన పిల్లలు పని సగమే నేర్చుకున్నారు. మేనేజరు ముందు నోరు విప్పని ఫోర్‌మన్ టీ బల్ల దగ్గర అసలు విషయం చెప్తాడు. తెర మీద చెప్పడు. ఇది నేను 26 ఏళ్ళు చూసిన నిజం.

మేనకోడలు: ఒప్పుకుంటున్నాను. అందుకే అసలు వెళ్ళనని రాయలేదు, రెండు రోజులు వెళ్తానని రాశాను. టీ బల్ల దగ్గరి మాటలకు ఆ రెండు రోజులూ ఉంచుకుంటాను. ఎక్సెల్ నింపడానికి హోటల్ గదిలో గడిపే మిగతా రెండు రోజులూ మా ఇంట్లో గడుపుతాను.

మామయ్య: ఆ రెండు రోజులూ ఫ్యాక్టరీలో ఏదైనా పని పడితే ఎవరు వెళ్తారు? నీ టీములో కుర్రాడు. వాడి ఇంట్లో పసిపిల్ల ఉంది. నీకిచ్చిన వెసులుబాటు వాడి నెత్తిన బరువవుతుంది. వాడు మంచివాడు, నోరెత్తడు. లోపల మాత్రం లెక్క పెట్టుకుంటాడు. ఈ ప్రశ్నకు ఇంతవరకూ నాకెవరూ సరైన జవాబు చెప్పలేదు.

మేనకోడలు: మీరడిగిన వాటన్నిటిలో న్యాయమైన ప్రశ్న ఇదే. బరువు ఆ అబ్బాయి మీద పడితే, సంస్థ ఇవ్వాల్సింది వాడి జేబులోంచి తీసి నాకిచ్చినట్టు. అది నాకూ వద్దు. ప్రాజెక్టు మొదట్లో మనుషుల లెక్క వేసేటప్పుడే ఒక అర మనిషిని అదనంగా వేయాలి. ఆ ఖర్చు ప్రాజెక్టు ఖాతాలో పడకూడదు, సంస్థ మొత్తం ఖాతాలో పడాలి. ప్రాజెక్టు ఖాతాలో పడితే లాభం తగ్గుతుందని ఏ మేనేజరూ నన్ను తీసుకోడు. వాడు చెడ్డవాడై కాదు, వాడి బోనస్ ఆ లాభం మీద ఉంది కాబట్టి.

మామయ్య: ఇది ఉత్తరంలో లేదే.

మేనకోడలు: లేదు. రాయాలి. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. మీరు రాత్రి పన్నెండింటికి కాగితం మీద గీతలు గీసి పంపిస్తే పొద్దునకల్లా చక్కటి స్లైడ్లు తయారై వస్తాయి. చేసేదెవరు?

మామయ్య: గ్రాఫిక్స్ టీము.

మేనకోడలు: స్లైడు గీయడం రాకపోవడం మీ లోపమని ఎవరైనా అన్నారా? మీ సమయం విలువైనదని మీ చుట్టూ ఒక టీమును నిలబెట్టారు. విమానం, కారు, హోటలు, టిక్కెట్లు చూసే సెక్రటరీ. ఆరోగ్యంగా ఉన్న మనిషి బాగా పనిచేయడానికి కావలసినవన్నీ సంస్థ ముందే అమర్చి పెట్టింది. వాటిని ఎవరూ వెసులుబాట్లు అనరు. నాకు కావలసినవి ఆ అమరికలో లేవు కాబట్టి నేను ఉత్తరం రాసుకోవాల్సి వస్తోంది.

మామయ్య: సరే. ఉత్తరంలో చట్టం పేరు ఎందుకెత్తావు? లాయరు భాష కనబడితే హెచ్చార్‌వాళ్ళు బిగుసుకుంటారు. పైగా ఇది అమెరికా కాదు. అక్కడ 1990 నాటి చట్టం 15 మంది ఉద్యోగులున్న ప్రైవేటు కంపెనీకి కూడా వర్తిస్తుంది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉద్యోగంలో వివక్ష కూడదన్న 20వ సెక్షన్ ప్రభుత్వ సంస్థల పేరే చెప్పింది. 4 శాతం రిజర్వేషనూ ప్రభుత్వ ఉద్యోగాలకే. ప్రైవేటువాడు ఇవ్వనంటే ఏం చేస్తావు?

మేనకోడలు: ఆ సందు ఉన్న మాట నిజమే. దాన్ని పూడ్చాలని కూడా గట్టిగా అంటాను. కానీ అదే చట్టంలో 21వ సెక్షన్ ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలంది. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ ఏయే సౌకర్యాలు ఇస్తుందో కూడా అందులో రాయాలని 2017 నిబంధనలు చెప్తున్నాయి. మా సంస్థ వెబ్‌సైట్‌లో ఆ కాగితం అందంగా ఉంది. వాళ్ళు రాసుకున్న మాటే వాళ్ళకు గుర్తు చేస్తున్నాను. ఇంకోటి, సహేతుకమైన వెసులుబాటు నిరాకరించడం కూడా వివక్షేనని చట్టం నిర్వచనంలోనే ఉంది. ‘సహేతుకమైన’ అన్న మాటలో మీలాంటివాళ్ళ భయానికి జవాబుంది. సంస్థ మోయలేనంత భారమైతే ఇవ్వక్కర్లేదు. నా నాలుగు కోరికల్లో ఏది మోయలేని భారమో చెప్పమనండి, కూర్చుని మాట్లాడుకుంటాం.

మామయ్య: నీ విషయంలో సరే. రేపు నడుంనొప్పి ఉన్న ప్రతివాడూ ఇలాంటి ఉత్తరమే పట్టుకొస్తాడు. సర్టిఫికెట్లు ఎలా పుట్టుకొస్తాయో మనకు తెలియనిదా? ఇంతకీ నీకు 40 శాతం వైకల్యం వేశారా?

మేనకోడలు: లేదు, అంతకన్నా తక్కువే. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో 21 చేశారు. మల్టిపుల్ స్క్లిరోసిస్ పేరు అప్పుడే ఎక్కింది. రిజర్వేషన్‌కు 40 శాతం కావాలి. వెసులుబాటుకు అక్కర్లేదు. రాయబోతే చెయ్యి బిగుసుకుపోయే ఇబ్బంది ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి 40 శాతం నిబంధన కిందికి రాడని పరీక్షలో లేఖకుణ్ణి ఇవ్వనన్నారు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, వికాస్ కుమార్ కేసులో, ఆ రెండిటినీ ముడిపెట్టడం తప్పని చెప్పింది. ఇక మోసం సంగతంటారా, ట్రావెల్ బిల్లుల్లోనూ మోసం జరుగుతుంది. బిల్లులు ఆడిట్ చేస్తారు తప్ప ప్రయాణాలు మానేయరు కదా. నా ఎమ్మారై చూడండి, డాక్టరుతో మాట్లాడండి, ఆరు నెలలకోసారి మళ్ళీ కూర్చోండి. నాకేం అభ్యంతరం లేదు.

మామయ్య: నా అసలు భయం వేరే ఉంది తల్లీ. ప్రమాణం. ఇవాళ వేళలు మారుస్తాం, రేపు గడువు మారుస్తాం, ఎల్లుండి నాణ్యత దగ్గరా సర్దుకుంటాం. 2024 జూలైలో సివిల్ సర్వీసుల్లో వికలాంగుల కోటా మీద ఎంత రగడ జరిగిందో చూశాం. వైకల్యం ఉన్న పైలట్‌ను విమాన సంస్థ పెట్టుకుంటుందా అని తెలంగాణలో ఒక సీనియర్ అధికారి అడిగితే అందరూ మండిపడ్డారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్ళు తక్కువ.

మేనకోడలు: నేను చెప్తాను. రంగులు తెలియని మనిషికి బస్సు ఇమ్మని నేను అడగను. తెలంగాణ ఆర్టీసీలో ఒక డ్రైవరుకు రంగుల తేడా తెలియడం లేదని వైద్యపరీక్షలో తేలింది. ఉద్యోగం తీసేశారు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆయన చేతికి స్టీరింగ్ ఇమ్మనలేదు. మనిషిని ఇంటికి పంపే ముందు వేరే తగిన పని వెతకాల్సిన బాధ్యత సంస్థదేనంది, ఆ పని ఇమ్మంది. పైలట్‌కు చూపు పనిలో భాగం. జడ్జికి? చూపు లేదన్న కారణంతో న్యాయాధికారి ఉద్యోగానికి అనర్హులనకూడదని అదే కోర్టు 2025 మార్చిలో చెప్పింది. తీర్పు చెప్పడానికి కావలసింది వినడం, అర్థం చేసుకోవడం, నిష్పక్షపాతం. కాగితాన్ని కంటితో చదవడం ఒక పద్ధతి మాత్రమే. నేను కూడా, చూపు మసకబారిన క్షణంలో కిల్ను పక్కన ఉండకూడదు. అది నేనే ముందు చెప్తాను. కానీ కిల్ను ఎందుకు ఆగుతోందో కనుక్కోవడం నా పని. ఆ పనిలో మీ ప్రమాణం ఒక్క అంగుళం కూడా తగ్గించకండి.

మామయ్య: మాట బాగుంది. ఆచరణలో అలా విడదీయగలమా?

మేనకోడలు: మన మచిలీపట్నం దగ్గరి అబ్బాయి శ్రీకాంత్ బొల్లా సంగతి చూడండి. పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్సు గ్రూపు ఇవ్వబోమన్నారు. కోర్టుకు వెళ్ళి సీటు తెచ్చుకున్నాడు. పుస్తకాలు ఆడియోగా మార్చుకుని చదివి 98 శాతం మార్కులు సాధించాడు. మారింది పుస్తకం రూపం. పాఠం అదే, పరీక్ష అదే. ఆ తర్వాత ఇక్కడి ఐఐటీల దారి మూసుకుపోతే ఎంఐటీ చేర్చుకుంది. తిరిగొచ్చి హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి, వికలాంగులకు ఉద్యోగాలిచ్చాడు.

మామయ్య: అది పట్టుదల. నేను చెప్పేదీ అదే. మన జైపాల్ రెడ్డి గారిని చూడు. పసితనంలో పోలియో. జీవితమంతా ఊతకర్రలతో నడిచి కేంద్రమంత్రి అయ్యారు. అలాంటి మనుషులు వెసులుబాటు కోసం ఉత్తరాలు రాశారా?

మేనకోడలు: ఆయనంటే నాకూ ఎంతో గౌరవం. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ అవార్డు ఆయన వాదనాబలానికి వచ్చింది. మెట్లు ఎంత వేగంగా ఎక్కారని సభలో ఎవరూ అడగలేదు. మా దగ్గర అదే అడుగుతున్నారు మామయ్యా. నా విశ్లేషణ చూసేముందు ఎన్ని రాత్రులు మేలుకున్నానో చూస్తున్నారు. ఇక పట్టుదలంటారా, కొండెక్కిన ఒక్క మనిషికి దండ వేసి, కింద ఆగిపోయిన వందమందికి దారి వేయకపోతే ఆ దండకు అర్థమేముంది? శ్రీకాంత్ కోర్టుకు పెట్టిన బలమంతా చదువుకే పెట్టగలిగి ఉంటే ఎంత బాగుండేది!

(మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఉత్తరం మడతపెట్టి, మళ్ళీ విప్పారు.)

మామయ్య: పన్నెండేళ్ళ కిందట నా టీములో ఒక కుర్రాడుండేవాడు. చెవికి మిషను పెట్టుకునేవాడు. లెక్కల్లో వాడి అంతటివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఒక క్లయింటు బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడేవాడు. ఆ కాసేపూ వీడికి పెదవులు కనబడేవి కావు. మధ్యలో నలుగురూ ఒకేసారి, సగం తెలుగు సగం ఇంగ్లీషులో అందుకునేవాళ్ళు. అందరూ నవ్వాక వీడు నవ్వేవాడు. ‘క్లయింటు ముందు చురుకుదనం చాలదు’ అని ఆ ఏడు వాడి రివ్యూలో రాశాను. నాలుగు నెలల్లో వెళ్ళిపోయాడు.

మేనకోడలు: ఏం కావాలని అడిగారా?

మామయ్య: అడిగితే నొచ్చుకుంటాడేమో అనుకున్నాను. అది మర్యాద అనుకున్నాను.

మేనకోడలు: ఏం చేసి ఉంటే సరిపోయేది?

మామయ్య: ఇప్పుడు తోస్తోంది. మాట్లాడేవాళ్ళ ముఖం కనబడేలా బల్లకు ఆ పక్కన కూర్చోబెట్టాలి. స్లైడ్లు ముందురోజే వాడికి పంపాలి. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలని మీటింగు మొదట్లోనే నేను చెప్పాలి. పైసా ఖర్చు లేదు. ఇన్నాళ్ళూ వాడు ఈ వృత్తికి పనికిరాలేదని అనుకున్నాను. ఆ మాట తప్పు.

మేనకోడలు: ఉత్తరం పంపమంటారా?

మామయ్య: పంపు. రెండు మార్పులు చెయ్. చట్టం పేరా చివరికి జరుపు. అర మనిషి ఖర్చు సంస్థ ఖాతాలో వేయాలన్నది మొదటికి తీసుకురా, నీ మేనేజరు దాని కోసమే చూస్తాడు. రాత్రి కాల్స్ విషయంలో మాత్రం నేనింకా ఒప్పుకోను. కొన్ని రాత్రులు తప్పవు.

మేనకోడలు: నెలకు రెండు రాత్రులని రాస్తాను. ముందురోజు చెప్పాలని కూడా రాస్తాను.

మామయ్య: ఆ రెండో వాక్యం నాక్కూడా కావాలి.

ఆ ఉత్తరం సోమవారం ఉదయం వెళ్ళింది. జవాబు ఏమొస్తుందన్నది ఆ సంస్థ విజ్ఞత. ఈ సంవాదం చదువుతున్న మీలో కొందరి చేతి కింద పదిమందో వందమందో పనిచేస్తూ ఉంటారు. అది కన్సల్టింగ్ కావచ్చు, ఆస్పత్రి కావచ్చు, ఆడిట్ ఆఫీసు కావచ్చు, పత్రిక కావచ్చు. వాళ్ళలో ఒకరు ఇప్పుడు కూడా ఎక్కడో రెయిలింగు పట్టుకుని, ‘ఫోనొచ్చింది సార్’ అంటూ ఉండొచ్చు. వాళ్ళు ఉత్తరం రాసేదాకా ఆగకండి. రేపు ఆఫీసుకు వెళ్ళగానే మీ వాళ్ళను ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని, ‘ఈ పని నువ్వు బాగా చేయాలంటే ఇక్కడ ఏం మారాలి?’ అని అడగండి. అడిగాక, చెప్పింది పూర్తిగా వినండి.